కుడి అంటే ఏ కాలు

మా నాన్న అక్కని ‘కెప్టెన్’ అని పిలుస్తాడు. నన్ను ‘చిన్నీ’ అంటాడు. అక్క అంటే సొంత అక్క కాదు, మా పెద్దమ్మ కూతురు. వాళ్లు మా ఇంటి పై వాటాలో ఉంటారు. నేను పదో తరగతి దాకా ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉండి అక్కడి బడిలోనే చదువుకున్నాను. ఆ ఏళ్లన్నీ ఇక్కడ మా అమ్మానాన్నల దగ్గర కూతురిలా తిరిగింది అక్కే అని వచ్చిన మొదటి వారంలోనే నాకు అర్థమైంది. గుమ్మం దగ్గర నాన్న చెప్పుల పక్కన అక్క చెప్పులకి ఒక చోటుంది. నా చెప్పులు ఎక్కడ విప్పాలో నాకే తెలిసేది కాదు.

నాన్న ఫ్లయింగ్ క్లబ్బులో మెకానిక్. క్లబ్బంటే మరీ పెద్దదేం కాదు. ఒక గడ్డి మైదానం, ఒక రేకుల షెడ్డు, అందులో మూడు విమానాలు. షెడ్డు వెనక గదిలో సిమ్యులేటర్ ఉంది. ఏదో విమానంలోంచి ఊడదీసిన సీటు, దాని ముందు అర్ధచంద్రంలా మూడు తెరలు, కూర్చున్నవాళ్ల కాళ్ల మధ్య ఒక కర్ర, కింద చెక్కపెట్టె లోపల రెండు పెడళ్లు. ఆ పెట్టెలోకి కాళ్లు దూర్చి కూర్చుంటే విమానం ఎక్కకుండానే ఎక్కినట్టు.

మూడు విమానాల్లో రెండు కొత్తవి. మూడోది ముసలమ్మ. ఆ పేరు నాన్న పెట్టిందే. నాలుగేళ్లుగా దాన్ని నట్టు నట్టూ విప్పి మళ్లీ కట్టుకొస్తున్నాడు. మామూలు విమానాలకి చిన్న చక్రం ముక్కు కింద ఉంటుంది. ముసలమ్మకి తోక కింద ఉంటుంది. అందుకని నేలమీద ఉన్నంతసేపూ అది ముక్కు పైకెత్తుకుని, తోక ఈడ్చుకుంటూ నడుస్తుంది. నడిపేవాళ్లకి ముందు దారి బొత్తిగా కనబడదు. కాస్త ఎడమకి, కాస్త కుడికి తిప్పుకుంటూ, పాము పాకినట్టు పోతూ, పక్కల్లోంచి తొంగిచూసుకుంటూ వెళ్లాలి. పైగా బరువు పెద్ద చక్రాలకి వెనక ఉండటంతో, ఏమాత్రం ఆదమరిచినా తోక ముందుకొచ్చేద్దామని చూస్తుంది. అప్పుడు విమానం ఉన్నచోటే గిర్రున తిరిగిపోతుంది. క్లబ్బులో దాన్ని ‘గిరికీ’ అంటారు. సిమ్యులేటర్లో గిరికీ కొడితే తెర ఎర్రబడుతుంది. నిజంగా కొడితే రెక్క విరుగుతుంది.

“గాల్లో ముసలమ్మంత మంచిది ఇంకోటి లేదు. నేలమీదికొస్తేనే అత్తగారు,” అనేవాడు నాన్న.

ఆ అత్తగారిని అక్క రెండేళ్లుగా సిమ్యులేటర్లో నడుపుతోంది. నేను మొదటిసారి చూసిన రోజు నాన్న సీటు వెనక రెండు చేతులూ ఆనించి నిలబడి ఉన్నాడు. తెర మీద విమానం గాలికి పక్కకి ఒరిగింది. అక్క కాళ్లు పెట్టెలో టకటకమన్నాయి. విమానం సర్దుకుంది.

“అబ్బ! ఏం పట్టావు కెప్టెన్!” అని నాన్న పడీ పడీ నవ్వాడు.

ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. ఊళ్లో ఉన్నప్పుడు ఫోన్లో నాన్న నన్ను రెండే అడిగేవాడు. తిన్నావా? చదువుకుంటున్నావా? తిన్నాను, చదువుకుంటున్నాను అనేదాన్ని. తర్వాత ఇద్దరం కాసేపు ఊపిరి పీల్చుకునేవాళ్లం, అమ్మమ్మకి ఇవ్వు అనేవాడు, ఇచ్చేసేదాన్ని. ఇంత నవ్వు ఆయనలో ఉందని, అది ఇన్నాళ్లూ ఇక్కడ ఖర్చయిపోతోందని నాకేం తెలుసు? కళ్లు కుట్టాయి. దాచుకోవడమెందుకు, బాగానే కుట్టాయి.

“రావే, నువ్వూ కూర్చో,” అంది అక్క లేస్తూ. “సిగ్గుపడకు, తెరలకి కళ్లు లేవు.”

కూర్చున్నాను. నాన్న చెప్పాడు, “కర్ర పొట్టకి ఆనించి పట్టుకో, తోక నేలకి అతుక్కుని ఉంటుంది. ముందుకి చూడకు, ముందేమీ కనబడదు. పక్కలు చూడు. ఇక్కడ ఒళ్లు ఏమీ చెప్పదు, అంతా కళ్లతోనే తెలుసుకోవాలి.”

నేరుగా చూడకుండా అన్నీ చూడటం నాకు చిన్నప్పట్నించీ అలవాటే. తోక జరగడం వాళ్లిద్దరికంటే ముందే నాకు కనబడింది. కాలు వేశాను. అంతే, విమానం బొంగరంలా తిరిగి షెడ్డు గోడలోకి దూరింది.

“బాబాయ్, నీ కూతురు షెడ్డుకి కొత్త తలుపు పెట్టింది!” అంది అక్క.

నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. లోపల కుతకుతలాడిపోయాను.

ఆ సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుని, కాళ్లు రెండూ గాల్లో ఆడించుకుంటూ ఆలోచిస్తే తెలిసింది. ఊళ్లో మాకు బేరింగుల బండి ఉండేది. ఒక పలక, దాని ముందు ఒక అడ్డకర్ర, ఆ కర్ర చివర్లకి రెండు బేరింగులు. కూర్చుని ఆ కర్రని కాళ్లతో తిప్పుతూ ఏటవాలు రోడ్డు మీద జారేవాళ్లం. కుడికాలు తోస్తే కర్ర కుడికొస ముందుకెళ్లి బండి ఎడమకి తిరుగుతుంది. ఆ బండి మీద నన్ను కొట్టినవాళ్లు లేరు. విమానంలో అలా కాదు, ఎటు తిరగాలో అటు కాలే తొక్కాలి. నా బుర్రకి ఆ ముక్క వెంటనే ఎక్కింది. కాళ్లకి ఎక్కలేదు. తొందర లేనప్పుడు సరిగ్గా తొక్కేదాన్ని, తోక జారగానే కాళ్లు వాటి పాత పాఠం అప్పజెప్పేవి. పెట్టె లోపల ఏ కాలు ఏం చేస్తోందో ఎవరికీ కనబడదు కాబట్టి ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెబితే అక్క ఇంకో జోకు వేస్తుంది, నాన్న ఇంకోసారి నవ్వుతాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకి, క్లబ్బులో పాఠాలు చెప్పే ఇన్‌స్ట్రక్టర్ మేడమ్ ఒక మాట అంది. ఆవిడ జుట్టు పూర్తిగా తెల్లబడింది, నడక మాత్రం చిన్నపిల్లలా ఉంటుంది.

“ముసలమ్మ వచ్చే నెల లేస్తుంది. మొదటిసారి నేనొక్కదాన్నే వెళ్తాను. రెండోసారి మెకానిక్ గారింటి పిల్లల్లో ఒకరిని ఎక్కించుకుంటాను. నాలుగేళ్లు ఆయన ఇంట్లో కంటే దీని కిందే ఎక్కువ పడుకున్నారు, ఆ ఇంటివాళ్లు ఎక్కకపోతే ఇంకెవరు ఎక్కుతారు? గాల్లో అంతా నాది. నేలమీద, షెడ్డు నించి రన్‌వే దాకా పెడళ్లు ఆ పిల్లవి.”

“ఏ పిల్లవి?” అంది అక్క. తనే అని తెలిసి అడిగినట్టు అడిగింది.

“సిమ్యులేటర్లో తేల్చుకోండి. పక్కగాలి పెడతాను. మూడు రౌండ్లు. గిరికీ లేకుండా ఎవరు తిరిగొస్తే వాళ్లు.”

ఇంట్లో అందరూ అక్కే అని ఖాయం చేసేసుకున్నారు. మా అమ్మ కూడా, “కెప్టెన్ జుట్టు బిగించి కట్టుకోవాలేమో, గాలికి ఎగురుతుంది,” అంది.

నాకు ఎగరాలని అంత కోరికేం లేదు. ముసలమ్మ నేలమీద నడిచేటప్పుడు గాలి ఉంటే ఎవరో ఒకరు రెక్క చివర పట్టుకుని పక్కన నడవాలి. ఆ మనిషి నాన్నే. షెడ్డు నించి రన్‌వే దాకా నాన్న రెక్క పట్టుకుని, లోపల కూర్చున్నవాళ్ల వైపే చూస్తూ నడుస్తాడు. చూపు తిప్పడానికి లేదు. అన్ని అడుగుల సేపు నాన్న నన్నే చూడాలి. నాకు కావలసింది అది.

అక్క కాలేజీకి పోయాక మధ్యాహ్నాలు ఆ గది ఖాళీ. నాన్న షెడ్డులో ముసలమ్మ కింద ఉండేవాడు. నేను ఒక్కదాన్నే కూర్చుని గిరికీలు కొట్టేదాన్ని. తెర ఎర్రబడటం, మళ్లీ మొదలుపెట్టడం. ఒకరోజు విసుగొచ్చి సెట్టింగుల్లోకి వెళ్లాను. ప్రతి విమానానికీ విడిగా ఒక పేజీ ఉంది. ముసలమ్మ పేజీలో ‘పెడళ్లు’ అన్న వరస చివర ఒక చిన్న గడి, దాని పక్కన ‘రివర్స్’ అని ఉంది. టిక్కు పెట్టాను.

ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. తోక కదలకముందే నా కళ్లకి తెలిసేది, కళ్లకి తెలిసిన మరుక్షణం కాళ్లు వెళ్లేవి. విమానం నా మాట వింది. పాములా పాకుతూ రన్‌వే దాకా వెళ్లి, తిరిగొచ్చి, షెడ్డు ముందు ఆగింది. దొంగపని అని అప్పుడు అనిపించలేదు. ఎవరి కొలతకి వాళ్లు సీటు జరుపుకున్నట్టే అనుకున్నాను. కానీ లేచేటప్పుడు టిక్కు తీసేసేదాన్ని. దొంగపని కాకపోతే ఎందుకు తీశానో మరి.

పరీక్ష ముందు రోజు సాయంత్రం అమ్మ గేటు దగ్గర్నించి కేకేసింది. వాన వచ్చేలా ఉంది, గొడుగు ఒక్కటే ఉంది, వెంటనే రమ్మంది. గబగబా తెరలు ఆపేసి పరిగెత్తాను.

మర్నాడు పొద్దున అక్క ముందు కూర్చుంది. నాన్న ఒక పక్క, మేడమ్ ఒక పక్క. నేను తలుపు దగ్గర.

“కెప్టెన్, తొందర పడకు,” అన్నాడు నాన్న.

“తొందర నాకా, నీకా బాబాయ్? నీ చెమట నా భుజం మీద పడుతోంది,” అంది అక్క.

విమానం కదిలింది. పది అడుగులు బాగానే వెళ్లింది. గాలి ఎడమ నించి కొట్టింది, ముక్కు ఎడమకి తిరిగింది. అక్క కాలు వేసింది. ముక్కు ఇంకా ఎడమకి పోయింది. ఇంకాస్త గట్టిగా తొక్కింది. విమానం గిర్రున తిరిగింది, తెర ఎర్రబడింది.

నిన్నటి తొందరలో నేను టిక్కు తియ్యలేదు.

ఒక్క మాట. ‘ఆగండి, సెట్టింగ్ మారింది’ అంటే అయిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే నాన్న అక్క తల మీద చెయ్యి వేసి, “పర్లేదు నాన్నా, మళ్లీ,” అన్నాడు. నాన్నా! నన్ను ఎప్పుడూ అలా అనలేదు. నోరు మూసుకున్నాను.

రెండోసారి ఇంకా ముందే తిరిగింది. మూడోసారి అక్క ఎంత జాగ్రత్తగా సరిచేస్తే అంత పాడైంది.

“బాబాయ్, పెడళ్లు ఏదో తేడాగా ఉన్నాయి,” అంది అక్క. గొంతులో జోకు లేదు.

“చెల్లిని కూర్చోనీ, చూద్దాం,” అన్నాడు నాన్న.

కూర్చున్నాను. సెట్టింగుల జోలికి పోవలసిన పనే లేదు, అంతా నాకు అమర్చి పెట్టినట్టుంది. మూడు రౌండ్లు వెళ్లాను, మూడు రౌండ్లు తిరిగొచ్చాను. మేడమ్ గాలి పెంచింది. అయినా వచ్చాను.

తర్వాత నాన్న నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు. “నా కూతురు! మేడమ్, చూశారా, నా కూతురు!” అన్నాడు. అంటూ నవ్వాడు. అదే నవ్వు.

అప్పుడు అక్క వైపు తిరిగి, మెల్లిగానే అన్నాడు, “పెడళ్లు తేడా అయితే చెల్లి ఎలా నడిపింది కెప్టెన్? ఒక్కో రోజు అంతే.”

అక్క తన కాళ్ల వైపు చూసుకుంది.

ఆ రోజు డైరీలో ‘నా కూతురు అన్నాడు’ అని ఒక్క ముక్క రాశాను. కింద ఇంకేదో రాయబోయి పెన్ను మూసేశాను.

తర్వాత పది రోజులు అక్క క్లబ్బుకి రాలేదు. మా ఇంటికీ సరిగ్గా రాలేదు. వచ్చినా జోకులు లేవు. “దానికేమైందే, అలా ముఖం వేలాడేసుకుంది?” అని అమ్మ నన్నే అడిగింది. నాకేం తెలుసన్నాను. నాన్న ముసలమ్మ సీటులో నా ఎత్తుకి సరిపడా దిండు కుట్టించాడు. అన్నం దగ్గర కూర్చుని గాలి గురించి, బ్రేకుల గురించి నాతోనే చెప్పేవాడు. నేను కోరుకున్నదంతా కంచంలో పెట్టినట్టు వచ్చింది. గొంతు దిగేది కాదు.

మధ్యాహ్నాలు టిక్కు తీసేసి నేర్చుకోవాలని చూశాను. నిజం విమానానికి గడి ఉండదు కదా. బుర్ర ఒకటి చెప్పేది, కాళ్లు ఒకటి చేసేవి. తెర ఎర్రబడుతూనే ఉంది. అసలు రోజున జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంటాలే, మేడమ్ పెడళ్లు కూడా ఉంటాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మేడమ్ ఒక్కతే ముసలమ్మని ఎగరేసి దించింది. దిగి, “అంతా బంగారం. ఎడమ కేబుల్ మాత్రం ఎక్కడో రాసుకుంటోంది మెకానిక్ గారూ,” అంది. పెడళ్ల నించి తోక దాకా రెండు ఇనప తీగలు వెళ్తాయి. తోక మీద తలుపులా అటూ ఇటూ తిరిగే పలకని అవే లాగుతాయి. దాన్ని రడ్డర్ అంటారు. నాన్న తీగలు రెండూ విప్పి, అరిగిన కప్పీ మార్చి, మళ్లీ బిగించాడు. మా సవారీకి ముందు రోజు మధ్యాహ్నం, “రా చిన్నీ, నువ్వే కూర్చో. రేపు నడిపేది నువ్వే కదా,” అని నన్ను లోపల కూర్చోబెట్టి తను తోక దగ్గరికి వెళ్లాడు. మేడమ్ రెక్క కింద నిలబడి కాగితాలు చూసుకుంటోంది.

ముసలమ్మలో కూర్చుంటే పెయింటు వాసన. ముందు ఆకాశం తప్ప ఏమీ లేదు. కాళ్ల కింద నిజం పెడళ్లు, చల్లగా.

“కుడి!” అన్నాడు నాన్న వెనకనించి.

తొక్కాను.

వెనక ఏ చప్పుడూ లేదు.

“కుడి అన్నాను చిన్నీ.”

“తొక్కానుగా నాన్నా.”

“వదులు. మళ్లీ. కుడి.”

మళ్లీ తొక్కాను.

“ఎడమ.”

తొక్కాను.

తల తిప్పి చూశాను. నాన్న రడ్డర్ పలక మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“మేడమ్,” అన్నాడు. “ఒకసారి ఇటు రండి. కుడి అంటే ఎడమకి వెళ్తోంది. కేబుళ్లు అడ్డంగా కలిపేశాను.”

మేడమ్ కాగితాలు మూసింది. వచ్చి నిలబడింది. “కేబుళ్లు మారిన విమానం నా జన్మలో ఒకటే చూశాను మెకానిక్ గారూ. నేను చూసేటప్పటికి అది పొలంలో పడి ఉంది,” అంది. కోపంగా కూడా అనలేదు.

నాన్న తోక పక్కన చిన్న మూత తీసి, తలా భుజాలూ లోపలికి దూర్చాడు. కాళ్లు మాత్రం బయట ఉన్నాయి. లోపల టార్చి వెలుగు అటూ ఇటూ తిరగడం తోకకి తొడిగిన గుడ్డ మీద కనబడుతోంది.

“సరిగ్గానే ఉన్నట్టుంది…” గొంతు డొల్లగా వచ్చింది. “కాదు. సరిగ్గా ఉంటే అటెందుకు వెళ్తుంది? నా కళ్లే… నాలుగేళ్లు చేసి, చివర్రోజున ఇంత పిచ్చిపని చేశానా? మేడమ్, రేపు వద్దు. మొత్తం విప్పేస్తాను. ఇంకో మెకానిక్‌ని పిలిపించండి. నేను చూసింది నేనే నమ్మను.”

నేను నా కాళ్ల వైపు చూశాను. కుడి పాదం ముందుకుంది. ఎడమ అన్నప్పుడు వెళ్లింది అది, కుడి అన్నప్పుడు వెళ్లింది ఎడమది. ఆయన కుడి కాలు అన్నాడు, నా కాళ్లు కుడికి తిరగమన్నట్టు విన్నాయి.

పది రోజులుగా అక్క కూడా తను తొక్కింది తనే నమ్మకుండా తిరుగుతోంది. ఇప్పుడు నాన్న. ఇంకా నోరు మూసుక్కూర్చుంటే ఈయన మెకానిక్ పని మానేసినా మానేస్తాడు. రేపు ఈ పెడళ్ల మీద కాళ్లు పెట్టుకుని కూర్చుంటే, నాన్న పట్టుకున్న రెక్కే ఆయన మీదికి తిరుగుతుందేమో కూడా.

“నాన్నా, కేబుళ్లు సరిగ్గానే ఉన్నాయి.”

టార్చి ఆగింది.

“నేను తొక్కింది ఎడమ కాలు. నాకు కుడి అంటే ఎడమ కాలే వెళ్తుంది.”

మేడమ్ లోపలికి వంగింది. “నీ కుడి కాలేదీ? చూపించు. ఆఁ. దాన్ని తొక్కు.” తొక్కాను. వెనక్కి చూసింది. “మెకానిక్ గారూ, బయటికి రండి. మీ ముసలమ్మ బాగానే ఉంది.”

నాన్న బయటికి పాకి, అక్కడే తోక చక్రం పక్కన నేలమీద చతికిలబడ్డాడు. చెంప మీద గ్రీజు. నవ్వాడో, ఊపిరి వదిలాడో తెలియలేదు. కాసేపటికి అది ఆగిపోయింది.

“మరి పరీక్షలో మూడు రౌండ్లు ఎలా వెళ్లావు?”

చెప్పాను. గడి గురించి, టిక్కు గురించి.

“అక్క కూర్చున్నప్పుడు కూడా ఆ టిక్కు ఉందా?”

“ఉంది.”

“నీకు తెలుసా?”

“మొదటిసారి తిరిగినప్పుడే తెలిసింది.”

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చేతులు తుడుచుకున్న గుడ్డతోనే మళ్లీ తుడుచుకున్నాడు.

“పెడళ్లు తేడాగా ఉన్నాయి బాబాయ్ అంది అది,” అన్నాడు. “నేను నమ్మలేదు. అందరి ముందూ నమ్మలేదు.” లేచాడు. “దిగు. వెళ్లి నువ్వే చెప్పు. నేను రాను.”

పై వాటా మెట్లు ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో. అక్క పెరట్లోకి చూస్తూ, కిటికీ అంచు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉంది. నన్ను చూసి కాలు దించేసింది. అంతా చెప్పాను, ఒక్క ఊపిరిలో, నేల చూస్తూ.

“నా కాళ్లకి ఏదో రోగం వచ్చిందనుకున్నానే,” అంది అక్క. “రోజూ ఇలా నిలబడి లెక్కపెట్టుకుంటున్నాను. అమ్మకి చెబితే డాక్టర్ దగ్గరికి తీసుకుపోతుందని చెప్పలేదు. తెలుసా నీకు?”

తెలియదన్నాను.

“ఎందుకే?”

“నాన్న నిన్ను చూస్తే నవ్వుతాడు.”

“నిన్ను చూస్తే నవ్వడా? ఆయనతో నవ్వే మాట ఒక్కటంటే ఒక్కటి అన్నావా ఎప్పుడైనా? గోడలా నిలబడితే గోడని చూసి ఎవరు నవ్వుతారే!” కళ్లలో నీళ్లు తిరుగుతుంటే తుడుచుకుంది. “పో. కొన్నాళ్లు నా కంటబడకు.”

సగం మెట్లు దిగాక పైనించి కేక వినబడింది.

“టిక్కు తీశావా, లేదా?”

“తీశాను.”

“నీ మాట నేను నమ్మను. పద, చూపించు.”

చూపించాను. అక్క కూర్చుని మూడు రౌండ్లు వెళ్లొచ్చింది, ఒక్క ముక్క మాట్లాడకుండా. ఆఖరి రౌండు అయ్యాక పెట్టెలోంచి కాళ్లు తీసి, వాటిని కాసేపు తడుముకుంది.

మర్నాడు నా దిండు తీసేసి అక్క ఎక్కింది. మేడమ్ వెనక సీటులో. “కుడి!” అన్నాడు నాన్న తోక దగ్గర్నించి. రడ్డర్ కుడికి వెళ్లింది. “ఎడమ!” ఎడమకి వెళ్లింది. నాన్న తల ఊపాడు.

“గాలి బాగానే ఉంది, రెండు రెక్కలకీ మనిషి కావాలి,” అంది మేడమ్.

నాన్న చుట్టూ చూశాడు. మేమిద్దరమే ఉన్నాం. గడ్డంతో నాకు కుడి రెక్క చూపించి, తను ఎడమ వైపు వెళ్లిపోయాడు.

ఇంజిన్ మోత మొదలైంది. ముసలమ్మ కదిలింది. అటు కాస్త, ఇటు కాస్త, పాకుతూ వెళ్తోంది. అవతల నాన్న రెక్క పట్టుకుని నడుస్తున్నాడు. నేననుకున్నట్టే లోపల కూర్చున్న మనిషినే చూస్తున్నాడు. ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. ఒక్క గిరికీ, ఒక్కటంటే ఒక్కటి కొడితే బాగుండునని నేను అనుకోలేదంటే అబద్ధం. షెడ్డు నించి మలుపు దాకా అదే అనుకుంటూ నడిచాను.

మలుపులో గాలి నా వైపు నించి కొట్టింది. చేతిలో రెక్క ఒక్కసారిగా పైకి లేచింది. నా మడమలు నేలమీద నించి లేచాయి. తోక జరగడం కంటి చివర కనబడింది. నేనేమీ చెయ్యక్కర్లేదు. ఊరికే వేళ్లు వదిలితే చాలు.

రెండు చేతులూ వేసి వేలాడాను. ఒళ్లంతా బరువు చేసుకుని కిందికి లాగాను. రెక్క దిగింది. రడ్డర్ ఒక్కసారి టప్పున కొట్టుకుంది, తోక సర్దుకుంది. లోపల్నించి అక్క నా వైపు తిరిగి ఏదో అరిచింది. మోతలో వినబడలేదు గానీ పెదాలు చూస్తే తెలిసింది, గట్టిగా పట్టుకోవే అంటోంది.

“పట్టుకునే ఉన్నానక్కా!” అని నేనూ అరిచాను. అవతల రెక్క దగ్గర నాన్న ఉలిక్కిపడి ఇటు చూశాడు. అంత గొంతు నాకుందని ఆయనకీ తెలియదు.